నీళ్ళు దిగుతాయి నాన్నా

అమెరికాలోని మిన్నెసోటాలో చలి ఓ పట్టాన వదలదు. మే మధ్యలో చేపల సీజన్ మొదలయ్యేదాకా మా 12 ఏళ్ళవాడికి బేస్‌మెంటే చెరువు. బాల్సా అనే తేలికపాటి చెక్కని చాకుతో చెక్కి, గరుకు కాగితంతో రుద్ది చేపపిల్లల్ని చేస్తాడు. ఇక్కడ వీటిని ల్యూర్లంటారు. గాలానికి ఎర్రని గుచ్చడం తప్ప ఇంకోటి తెలియని మా అమ్మ వీడియో కాల్లో అడగనే అడిగింది. "ఒట్టి చెక్కని చూసి ఏ చేపొస్తుందిరా?"

"వస్తుంది నానమ్మా, మంచి పెయింట్ వేస్తే."

తెలుగులోనే చెప్పాడు. ఆదివారం తెలుగు క్లాసంటే కడుపునొప్పి వచ్చేది వీడికే.

పోయినేడు చేసిన మొదటి ల్యూర్ నీళ్ళలో గంట కూడా ఆగలేదు. చెక్క మీద నేరుగా యాక్రిలిక్ రంగేసి, పైన ఒక్క పూత రంగులేని క్లియర్ కోట్ కొట్టి తెచ్చేశాడు. కొక్కెం దిగిన చోట నుంచి నీళ్ళు లోపలికి పాకాయి. బాల్సా ఉబ్బింది, రంగు బీటలిచ్చింది. "పొలుసులు బాగా వచ్చాయిరా" అన్నాను. అనకూడదు. ఇంటికొచ్చేదాకా వాడు మాట్లాడలేదు.

మాది ఇబ్రహీంపట్నం, కొండపల్లి పక్కనే. అక్కడ బొమ్మలు చేసేవాళ్ళు తెల్ల పొణికి చెక్కలో చెమ్మ పోయేదాకా ఆరబెడతారు. విడివిడిగా చెక్కిన భాగాల్ని చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. పైన తెల్ల సుద్ద పూత. రంగు ఆ తర్వాతే. ఇదంతా వాడికి చెప్పాను.

"వాళ్ళు బొమ్మల్ని లేక్‌లో వెయ్యరు కదా నాన్నా?"

నిజమే. కానీ ఈ చలికాలం వరస మార్చాడు. ముందు పల్చటి సూపర్ గ్లూ రెండు పూతలు, చెక్క తాగినంత. కిటికీ తెరిచి, మాస్క్ పెట్టుకుని. కొక్కేల కన్నాల్లోకి కూడా బొట్టు బొట్టుగా దించాడు. సన్నగా రుద్ది, పైన తెల్ల ప్రైమర్. ఆ తెలుపు లేకపోతే పసుపు రంగు చెక్కలో కలిసి మురికిగా కనబడుతుంది.

పొలుసులకి వాళ్ళమ్మ పాత నెట్ చున్నీ బలైంది. జానెడు ముక్క కత్తిరించి, ల్యూర్‌కి బిగుతుగా చుట్టి, బట్టల క్లిప్పులు పెట్టి ఎయిర్‌బ్రష్‌తో బంగారు రంగు కొట్టాడు. కాసేపాగి మెల్లగా విప్పితే ఒక్కో కన్నం ఒక్కో పొలుసు. నేను నోరు తెరిచాను. వాళ్ళమ్మ కూడా తెరిచింది, కారణం వేరు. తర్వాత నల్లటి వీపు, నిలువు చారలు, తెల్ల పొట్ట, నారింజ రెక్కలు. ఇక్కడి పసుపు పెర్చ్ చేపే.

ఆఖరున ఎపాక్సీ, అంటే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు. రెండు సీసాల్లోవీ సమపాళ్ళలో కలపాలి, ఏది ఎక్కువైనా జిగట వదలదు. పూసి వదిలేస్తే కిందికి జారి బొట్టు కడుతుంది. అందుకని మాంసాన్ని తిప్పుతూ కాల్చే పాత బార్బెక్యూ మోటార్‌కి తగిలించి, గట్టిపడేదాకా నెమ్మదిగా తిప్పాడు. అమ్మకి ఫోన్లో చూపిస్తే, "చేపని నీళ్ళలో వెయ్యకముందే కాలుస్తున్నావేంట్రా" అంది.

మే నెలలో మిల్ లాక్స్ చెరువులో మూడో విసురుకే ఒక పైక్ చేప పట్టింది. పళ్ళ నుంచి ల్యూర్ విడిపించి, చేపని నీళ్ళలో వదిలేశాం. నేను ఫోటో కోసం ఫోన్ తీసేసరికి వాడు పడవ అంచున కూర్చుని, పొట్ట మీద పడ్డ రెండు పంటిగాట్లని చొక్కాతో తుడిచి, జేబులోంచి సూపర్ గ్లూ తీస్తున్నాడు.

"ఆగు నాన్నా. నీళ్ళు దిగుతాయి."