ముఖచిత్రాల పనిలోకి ఎలా వచ్చానంటే

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం మానేసి, విజయవాడలో పుస్తకాలకు ముఖచిత్రాలు వేస్తున్నానంటే, "ఇంట్లో ఎలా ఒప్పుకున్నారు?" అనే ముందు అడుగుతారు. నాన్నని ఒప్పించింది నా బొమ్మలు కాదు. ఆయన అడిగినవాటికి కాగితం మీద లెక్క చూపించాను, అంతే.

నాన్న రైల్వేలో చేసి రిటైరైన మనిషి. "బొమ్మలు వేసుకో తల్లీ, నేనొద్దనను. రేపు ఎవరికైనా జబ్బు చేస్తే ఎలా? నీ పీఎఫ్ ఏమవుతుంది?" అన్నారు. న్యాయమైన ప్రశ్నలే. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతోపాటే పోతుంది. అందుకని రాజీనామా పెట్టకముందే అమ్మానాన్నలకూ నాకూ సొంత పాలసీలు తీసుకున్నాను. అమ్మకు షుగరుంది. ముందునుంచీ ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్, అంటే వాటి ఖర్చు బీమా ఇవ్వని గడువు, మూడేళ్ల దాకా ఉండొచ్చు కాబట్టి, జీతం వస్తుండగానే అది మొదలైపోవడం మేలు. పీఎఫ్ కదపలేదు. మానేశాక కూడా 58 ఏళ్లు వచ్చేదాకా వడ్డీ పడుతుంది, కాకపోతే ఆ వడ్డీకి పన్ను కట్టాలి. ఐదేళ్లు దాటాయి కాబట్టి గ్రాట్యుటీ వచ్చింది: ఆఖరి నెల బేసిక్‌ను 26తో భాగించి 15తోనూ, సర్వీసు ఏళ్లతోనూ గుణించారు. ఆ డబ్బు ఇంటి ఖర్చులకని విడిగా వేసి నాన్నకు పాస్‌బుక్ చూపించాను. మళ్లీ ఆ మాటెత్తలేదు.

నోటీసు పీరియడ్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. రిలీవింగ్ లెటరూ, ఫారం 16 చేతికొచ్చేదాకా వదలకండి.

అసలు చదువు ఇక్కడికొచ్చాకే. విజయవాడే ఎందుకంటే, ఏలూరు రోడ్డు, ఆ చుట్టుపక్కల సందుల్లో పబ్లిషర్లు, కంప్యూటర్‌లో పేజీలు కూర్చే డీటీపీ సెంటర్లు, ప్రెస్సులు, బైండింగు వాళ్లు నడిచి వెళ్లేంత దూరంలో దొరుకుతారు. స్క్రీన్ మీద మెరిసిపోయే నీలం నాలుగు రంగుల ఇంకులో ఊదాకు తిరుగుతుందని ప్రెస్సులో నిలబడి చూస్తేనే తెలిసింది. పుస్తకం వెన్ను మందం పేజీల సంఖ్యతోపాటు కాగితాన్ని బట్టి కూడా మారుతుంది. అందుకే కాగితం ఖాయమయ్యాకే ఫైలు ఇస్తాను.

అన్నిటికన్నా నాకిష్టమైన పని పుస్తకం పేరు రాయడం. మన అక్షరానికి పైన గుడి, కింద వత్తు. పేరు రెండు వరుసలైతే, పై వరుసలో "స్త్రీ" లాంటి అక్షరం ఉందనుకోండి, దాని కింద వేలాడే త వత్తూ, ర వత్తూ కింది వరుస గుళ్ల మీదికి దిగిపోతాయి. కంప్యూటర్ ఫాంటయితే వరుసల మధ్య ఎడం పెంచేస్తుంది, పేరు రెండు ముక్కలుగా కనిపిస్తుంది. నేను చేత్తో రాస్తాను. ఆ వత్తు తోకను కాస్త పక్కకు లాగి, కింది రెండక్షరాల మధ్య ఖాళీలో కూర్చోబెడతాను. "అక్కా, ఇప్పుడు కలిసింది" అని డీటీపీ కుర్రాడు అన్నరోజు నాకు కలిగిన సంతోషం ఏ అప్రైజల్‌లోనూ కలగలేదు. బాపు గారి అక్షరాలు ఇన్నేళ్లయినా ఇట్టే పోల్చుకుంటామంటే, అక్షరానికి అంత మనిషితనం ఉంటుందన్నమాట.

డబ్బు మాట్లాడటం మాత్రం కష్టంగానే నేర్చుకున్నాను. "మనవాళ్లే కదమ్మా, చూసి తీసుకో" అంటారు. ఒక పబ్లిషరు నా ముఖచిత్రాన్నే క్యాలెండరుకూ వేసుకున్నారు, ఒక్క మాటైనా చెప్పలేదు. అప్పుడు 1957 కాపీరైట్ చట్టం తెరిచాను. డబ్బిచ్చి వేయించుకున్న పెయింటింగ్ మీద, వేరే ఒప్పందం లేకపోతే, వేయించుకున్నవాళ్లే తొలి హక్కుదారులని 17వ సెక్షన్ చెబుతుంది. హక్కులు రాసిచ్చేటప్పుడు గడువు రాయకపోతే ఐదేళ్లనీ, ప్రాంతం రాయకపోతే దేశమంతా అనీ 19వ సెక్షన్. అందుకే ఇప్పుడు పని చిన్నదైనా ఒక పేజీ ఒప్పందం రాసుకుంటాం: బొమ్మ హక్కు నాది, ఈ పుస్తకం ముద్రణలకు, ప్రచారానికి వాడుకోవచ్చు, మిగతావాటికి వేరే మాట. సగం అడ్వాన్సు ముందే. సంతకం పెట్టడానికి నొచ్చుకున్నవాళ్లు తక్కువే. చాలామంది "మంచిదేనమ్మా" అన్నారు.

జనవరి పుస్తక మహోత్సవం ముందు నెలల్లో ఊపిరాడదు, వేసవిలో పని పలచబడుతుంది. ఆ ఖాళీలో పిల్లలకు మా డాబా మీద తెలుగు అక్షరాలు గీయడం నేర్పుతున్నాను. ఫీజులు వసూలు చేసే పని నాన్న తీసుకున్నారు.