పొద్దున్నే మూడు మాత్రలు

మా ఆయనకి చెన్నై ట్రాన్స్‌ఫర్ అయిందని తెలిసిన రోజే నేను దేవుడితో గొడవ పెట్టుకున్నాను, కాబట్టి జబ్బు చేశాకే నా విశ్వాసం కదిలిందంటే అబద్ధం అవుతుంది. ఒంగోలులో టీచర్ ఉద్యోగం, రెండు వీధుల అవతల అమ్మ, ఆదివారం చర్చిలో పాటల బృందం, అదే క్వయర్. అవన్నీ వదులుకుని పెరంబూరులో ఒక రెండో అంతస్తు ఇంట్లో వచ్చి పడ్డాం. నాకు అరవం ఒక్క ముక్క రాదు. వెతగ్గా వెతగ్గా ఒక తెలుగు చర్చి సంఘం దొరికింది, క్వయర్‌లో కూడా చేర్చుకున్నారు, పోన్లే ఇదొక్కటైనా మిగిలింది అనుకున్నా. నాలుగు నెలలకి దగ్గు మొదలైంది.

మొదట చూపించుకున్న డాక్టరు దుమ్ము పడట్లేదన్నాడు. సిరప్పులు మార్చి మార్చి నెలన్నర గడిపేశాం. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది, రాత్రి చెమటకి దిండు తడిసిపోయేది, 53 కిలోల మనిషిని 46కి దిగాను. రెండు వారాలు దాటి దగ్గు ఉంటే కళ్ళె పరీక్ష చేయించుకోవాలన్న సంగతి నాకు తెలీదు, తెలిసినాయన చెప్పలేదు. చివరికి పక్కింటావిడ పోరు పడలేక కార్పొరేషన్ ఆస్పత్రికి వెళ్ళి, పొద్దున్నే తీసిన కళ్ళె చిన్న డబ్బాలో పెట్టి ఇస్తే టీబీ అని తేలింది. 2025 జనవరిలో.

బాబుకి అప్పుడు నాలుగేళ్ళు. వాడికి పరీక్షలు చేసి జబ్బు లేదన్నారు, అయినా ముందుజాగ్రత్త మందు మొదలుపెట్టారు. ఎక్కడికీ పంపక్కర్లేదు, నువ్వు మాస్కు పెట్టుకో, కిటికీలు తీసి ఉంచు చాలు అని డాక్టరమ్మ చెప్పింది. మేమే భయపడి అమ్మని పిలిపించి, ఆ మందు కూడా చేతికిచ్చి పినాకిని రైల్లో ఒంగోలు పంపించేశాం. వాడు కిటికీ ఊచల్లోంచి చెయ్యి బయటికి పెట్టి ఊపుతుంటే నేను మాస్కుతో దూరంగా నిలబడ్డాను. దీని గురించి ఇంతకంటే రాయలేను.

ఇంట్లో అత్తమ్మ నా స్టీలు గ్లాసు అడుగున ఎర్ర నెయిల్ పాలిష్‌తో చుక్క పెట్టింది, కలిసిపోకుండా. గ్లాసుల వల్ల, కంచాల వల్ల టీబీ అంటుకోదు, దగ్గినప్పుడు గాలిలోంచి వస్తుంది. చెప్పాను కూడా. ఆవిడ చెడ్డమనిషి కాదు, చిన్నప్పుడు వాళ్ళ మేనమామని మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో టీబీ రోగుల్ని విడిగా ఉంచే శానిటోరియంలో చేర్పించడానికి తీసుకెళ్ళడం చూసిందట, ఆ భయం అలా ఉండిపోయింది.

సంఘం నుంచి కూడా ఫోను వచ్చింది, తగ్గేదాకా ఇంట్లోనే ఉండి ప్రార్థన చేసుకో తల్లీ అని. అందులో తప్పేం లేదు. కానీ ఇంకొకావిడ చేసి, ఏదైనా ఒప్పుకోని పాపం ఉందేమో చూసుకో అంది. బైబిల్లో కష్టాలపాలైన యోబుని చూడ్డానికొచ్చిన స్నేహితులు నయం, నోరు విప్పే ముందు ఏడు రోజులైనా మాట్లాడకుండా కూర్చున్నారు, ఈవిడ ఏడు నిమిషాలు కూడా ఆగలేదు.

మాత్రల సంగతి చెప్పాలి. నా బరువుకి రోజుకి మూడు, మొదటి రెండు నెలలూ ఒక్కో దాంట్లో నాలుగు మందులు కలిపి ఉంటాయి. మొదటి రోజు మూత్రం నారింజ రంగులో వస్తే బాత్‌రూమ్‌లోంచే మా ఆయన్ని కేకేశాను, రక్తం అనుకుని! అది రిఫాంపిసిన్ అనే మందు రంగు, కన్నీళ్ళు కూడా అలా రావచ్చు, కంగారుపడకు అని నర్సమ్మ నవ్వింది. ఆవిడే ఇంకో మాట చెప్పింది. 1950ల్లో ఇదే ఊళ్ళో, చేట్‌పేట్‌లో ఇప్పుడున్న టీబీ పరిశోధన సంస్థ వాళ్ళు, కొంతమంది పేషెంట్లకి శానిటోరియంలో, కొంతమందికి ఇళ్ళలోనే మందులిచ్చి చూశారట. ఇంట్లో ఉన్నవాళ్ళకీ అంతే బాగా నయమైంది, వాళ్ళ ఇంట్లోవాళ్ళకి ఎక్కువగా అంటుకోనూ లేదు. 1959లో ఆ ఫలితాలు వచ్చాక ప్రపంచంలో చాలాచోట్ల శానిటోరియంలు వదిలేసి ఇంట్లోనే మందులివ్వడం పెరిగింది. ఇష్టం లేకుండా వచ్చిపడ్డ ఊరి మీద నాకు మొదటిసారి కాస్త గౌరవం కలిగింది.

మాత్రలు పరగడుపున వేసుకుని గంట ఆగాలి. వికారం, పైగా ఆకలి. ఆ గంటలో చెయ్యడానికి ఏమీ లేక బైబిల్ ముందు పెట్టుకుని కూర్చునేదాన్ని. చాలా రోజులు ప్రార్థన రాలేదు, "ఇవాళ్టి మూడూ వేసుకున్నాను ప్రభువా" అని మాత్రం చెప్పేదాన్ని, అది ప్రార్థనో ఫిర్యాదో నాకే తెలీదు. ఒకరోజు బాబు ఫోన్లో "అమ్మా, నీ దగ్గు అయిపోయిందా" అని అడిగాక ఆ కుర్చీలోనే కూర్చుని ఏడ్చాను, తెల్ల కర్చీఫ్ మీద లేత నారింజ మరక. నర్సమ్మ చెప్పింది నిజమే. దాన్ని ఉతకలేదు, బైబిల్లో పెట్టేశాను, ఎందుకంటే ఏం చెప్పను.

రెండు నెలలకి దగ్గు పోయింది, అన్నం రుచి తెలిసింది, ప్రభుత్వం నెలకి 1000 రూపాయల లెక్కన ఇచ్చే పోషకాహారం డబ్బు, దానికి మా ఆయన కలిపే గుడ్లు, వేరుశెనగ ఉండలు. బాబుని కూడా తెచ్చేసుకున్నాం. అసలు కష్టం అప్పుడొచ్చింది. ఒళ్ళు బాగోలేనప్పుడు ప్రార్థన మానేద్దామనిపించింది, బాగయ్యాక మాత్రలు మానేద్దామనిపించింది. మధ్యలో మానేస్తే మందులకి లొంగని టీబీ అయి తిరిగిరావచ్చని తెలిసి కూడా. ఒక పొద్దున మాత్రల షీటు పక్కకి తోసి కాఫీ పెట్టుకోబోతుంటే అత్తమ్మ ఏమీ అనకుండా ఆ ఎర్ర చుక్క గ్లాసులో నీళ్ళు తెచ్చి నా ముందు పెట్టింది. వేసుకున్నాను. అలా 168 రోజులు.

జూలైలో సంఘంలో సాక్ష్యం చెప్పమన్నారు, అంటే దేవుడు చేసిన మేలు అందరి ముందు చెప్పడం. అద్భుతం జరిగిందని చెప్తాననుకున్నట్టున్నారు. మాత్రలు వేసుకున్నాను, తగ్గింది, దేవుడి మీద కోపం మాత్రం ఇంకా కొంచెం ఉంది, అయినా వచ్చాను అని చెప్పి దిగిపోయాను. చప్పట్లు కొట్టాలో వద్దో వాళ్ళకి అర్థం కాలేదు.

ఆ తర్వాత పాటకి క్వయర్‌లో నిలబడ్డాను. రెండో చరణంలో పైకి వెళ్ళేచోట ఊపిరి చాలక పొలమారి దగ్గొచ్చింది. ముందు వరసల్లో తలలు వెనక్కి తిరిగాయి. పక్కనున్న పెద్దావిడ పాడుతూనే తన నీళ్ళ సీసా నా చేతిలో పెట్టింది, కంగారులో ఎత్తి పోసుకోకుండా మూతి పెట్టి తాగేశాను. ఆవిడ సీసా తీసుకుని, తనూ రెండు గుక్కలు తాగి, మూత బిగించి, మూడో చరణం అందుకుంది.