ఉన్ని సూది, లేసు సూది

నార్వేలో పిల్లల్ని పెంచడానికి వచ్చేవాళ్లు భాష గురించి కంగారు పడతారు కానీ, ముందు నేర్చుకోవాల్సింది బట్టల సంగతి. మేముండే ట్రోండ్‌హైమ్‌లో డిసెంబరు నడిమికి వచ్చేసరికి పగలు నాలుగున్నర గంటలే. అయినా బార్నెహాగెలో, అంటే ఇక్కడి ప్లేస్కూల్లో, పిల్లల్ని వాన పడినా మంచు పడినా రోజూ బయటే ఆడిస్తారు. నెలల పిల్లలు కూడా మధ్యాహ్నం నిద్ర ఆరుబయట బండిలోనే పోతారు. "చెడ్డ వాతావరణం అంటూ ఉండదు, చెడ్డ బట్టలే ఉంటాయి" అన్న సామెత మొదటి చలికాలంలో పక్కింటివాళ్ల దగ్గర్నుంచి బస్టాపులో నిలబడ్డవాళ్ల దాకా అందరూ మనకి వినిపిస్తారు. కొన్నాళ్లకి విసుగొస్తుంది. ఆ తర్వాత కొత్తగా వచ్చిన తెలుగువాళ్లకి మనమే చెప్పడం మొదలుపెడతాం.

ఒంటిని తాకే మొదటి పొర ఉన్నిదే అయ్యుండాలని బార్నెహాగె ఇచ్చిన బట్టల జాబితాలో అన్నిటికంటే పైన రాసుంది. నూలు బట్ట చెమట పీల్చుకుని తడితడిగా ఒంటికి అతుక్కుంటుంది, చలి అక్కణ్ణుంచే పట్టుకుంటుంది. ఉన్ని అలా కాదు. తన బరువులో దాదాపు మూడో వంతు తేమని లోపలికి లాక్కుని కూడా తడిసినట్టు అనిపించనివ్వదు. ఇదంతా ఫోన్లో మా అమ్మకి చెప్తే నమ్మలేదు. "పసిదానికి నూలు తప్ప ఇంకోటి వేస్తారట్రా, ఒళ్లు పేలిపోదూ!" అని పాలకొల్లు నుంచి పార్సిల్ నిండా నూలు బనియన్లు, మెడ చుట్టూ లేసు పెట్టిన తెల్ల గౌన్లు పంపింది. మే నెలలో పాలకొల్లులో ఉంటే ఆవిడ మాటే రైటు. ఆ గౌన్లు మా చిన్నది ఇంట్లో హీటర్ పక్కన వేసుకుని తిరిగేది.

మా అమ్మ లేసు అల్లేది. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్లలో ఇది కొత్త విషయమేమీ కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో స్కాట్లాండ్ మిషనరీలు తెచ్చిన క్రోషా పని, అంటే కొక్కెం ఉన్న ఒకే సూదితో దారం అల్లడం, గోదావరి డెల్టాలో ఇంటింటికీ పాకింది. మధ్యాహ్నం వంటలయ్యాక అరుగు మీద నలుగురు ఆడవాళ్లు చేరారంటే నాలుగు లేసు సూదులు ఆడాల్సిందే. ఏజెంటు దారం ఉండలు తెచ్చిస్తాడు, అల్లినది తూచి పట్టుకుపోతాడు. ఒక ఇంట్లో పూలు అల్లితే ఇంకో ఇంట్లో అతుకు పని జరిగేది. అన్నీ కలిసి బల్ల గుడ్డలూ దుప్పట్లూ అయి ఓడలెక్కి పోయేవి. ఎక్కడికి పోతాయో మా అమ్మకి తెలీదు, ఫారిన్‌కి అనేది, అంతే. మా ఇంట్లో బల్లే లేదు, ఇంక బల్ల గుడ్డ ఎందుకు? మగపిల్లాణ్ణి కాబట్టి ఆ సూది నా చేతికి ఎవరూ ఇవ్వలేదు. దారం ఉండ దొర్లిపోతే తెచ్చివ్వడమే నా పని.

ఇక్కడ చూస్తే బస్సులో, లెక్చర్ హాల్లో, పిల్లల ఫుట్‌బాల్ ప్రాక్టీసు దగ్గర ఎవరో ఒకరు స్వెటర్ అల్లుతూనే ఉంటారు. మొదట్లో మర్యాద లేదనుకున్నాను, మనం మాట్లాడుతుంటే వాళ్లు చేతిలో పని చూసుకుంటున్నారేంటని. కానీ వాళ్లు చెవులు ఇటే పెట్టి వింటారు. ఈ దేశానికి అల్లిక అంటే ఎంత పిచ్చంటే, 2013 నవంబరులో ఇక్కడి ప్రభుత్వ టీవీ ఛానెల్ ఎన్‌ఆర్‌కే ఒక రాత్రంతా అల్లిక కార్యక్రమం లైవ్‌లో చూపించింది. గొర్రె ఉన్ని కత్తిరించి, వడికి, స్వెటర్ అల్లేదాకా. ఆస్ట్రేలియా వాళ్ల పేరు మీదున్న 4 గంటల 51 నిమిషాల రికార్డు కొట్టాలని వీళ్ల పట్టుదల. కొట్టలేకపోయారు. జనం మాత్రం చూశారు. అంతకుముందు రెండో ప్రపంచ యుద్ధంలో, ఈ దేశం జర్మన్ల ఆక్రమణలో ఉన్నప్పుడు ఎర్ర ఉన్ని టోపీ పెట్టుకోవడమే ఎదిరింపుకి గుర్తుగా మారితే, 1942లో ఆ టోపీల్ని ఏకంగా నిషేధించారు. టోపీకి భయపడిన ప్రభుత్వం! ఈ కథ స్కూల్లో విని వచ్చిన మా వాడు ఆ వారమంతా ఎర్ర టోపీ తియ్యలేదు, పడుకునేటప్పుడు కూడా.

నా చేతికి సూదులు రావడానికి కారణం కూడా వాడే. ఇక్కడి స్కూళ్లలో చిత్రకళ, చేతిపని ఒక సబ్జెక్టు. ఆడామగా తేడా లేకుండా కొయ్యపనీ చేస్తారు, కుట్టడం అల్లడం కూడా నేర్చుకుంటారు. వాడికి టోపీ అల్లే పని ఇచ్చారు. ఇంటికి తెచ్చుకుని కుస్తీ పడుతుంటే సాయం చేసే దిక్కు లేదు. మా ఆవిడది కరీంనగర్, ఆవిడకి సూదంటే బొత్తాం ఊడినప్పుడే గుర్తొస్తుంది. సరేనని నేనే వాడితోపాటు కూర్చున్నాను. తర్వాత లైబ్రరీలో సాయంత్రాలు జరిగే అల్లిక కెఫేకి వెళ్లడం మొదలుపెట్టాను. కాఫీ, దాల్చినచెక్క బన్ను, బల్ల చుట్టూ రిటైరైన ఆడవాళ్లు, మధ్యలో నేను. ఆఫీసులో ఇన్నేళ్లున్నా రాని నార్వేజియన్ ఆ బల్ల దగ్గర వచ్చింది. చేతులకి పని ఉంటే మాట తడబడినా ఎదుటివాళ్లు కంగారు పెట్టరు, మనకీ సిగ్గనిపించదు.

నేను అల్లిన మఫ్లర్ ఫోటో చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టగానే మా బావ నుంచి మెసేజ్: "ఏరా, అక్కడ ఉద్యోగం గానీ పోయిందా?" మా పిన్ని ఇంకో అడుగు ముందుకేసి మా ఆవిడకి ఫోన్ చేసింది, ఇంట్లో అంతా బాగానే ఉందా అని. మా ఆవిడకి ఉన్న ఫిర్యాదు వేరే. ఒక స్వెటర్‌కి ఉన్నికే ఆరేడు వందల క్రోనర్లు పోస్తాను, అదే ధరకి షాపులో స్వెటరే వస్తుంది. పైగా బీరువాలో సగం ఉన్ని ఉండలే. ఇందులో వాదించడానికేం లేదు, లెక్క ఆవిడదే కరెక్టు. ఇది డబ్బు మిగిలే సరదా కాదు.

అమ్మ విజిటర్ వీసా మీద మూడు నెలలు ఉండటానికి వచ్చినప్పుడు పిల్లలకి ఆవిడతో ఏం మాట్లాడాలో తోచలేదు. మా పిల్లల తెలుగు వారాంతపు క్లాసు తెలుగు. అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు, బాగున్నారా మామ్మా, తిన్నారా మామ్మా. అక్కడితో సరుకు అయిపోయేది. ఒకరోజు మా వాడు సోఫాలో అల్లుకుంటుంటే అమ్మ పక్కన చేరి చూసింది. మాట్లాడకుండా వాడి చేతిలోంచి సూదులు తీసుకుంది. ఇక్కడివాళ్లు దారాన్ని ఎడమ చేతి చూపుడు వేలి మీదుగా పట్టుకుని, కుడిచేతి సూది కొనతో లాగుతారు. లేసు అల్లేటప్పుడూ దారం ఎడమ చేతిలోనే కదా! రెండు సూదులతో అల్లడం ఆవిడ జన్మలో చేసి ఉండదు, కానీ ఆ వేలికి అది పాత పనే. రెండు వరసలు తడుముకుంది, మూడో వరసకి మా వాడి కంటే వేగం. వాడు నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

అక్కణ్ణుంచి మా ఇంట్లో తెలుగు దారి మళ్లింది. "ఊడదియ్యి", "బిగించకు, వదులుగా పట్టు", "చిక్కు పడింది చూడు", "వరస తప్పావురా నాన్నా", "ఒక కుట్టు జారిపోయింది, కిందనుంచి ఎత్తుకో." ఏ క్లాసులోనూ ఇవి చెప్పరు. వారాంతపు క్లాసులు వద్దని నేననను, మా పిల్లలు ఇప్పటికీ వెళ్తున్నారు. కానీ అక్కడ నేర్పే తెలుగుతో పండగ రోజు స్టేజి మీద పద్యం చెప్పొచ్చు గానీ, చిక్కుపడ్డ దారం విడదీయమని అడగలేం. పిల్లలకి భాష కావాల్సింది పని పడినప్పుడే. ఆ పనేదో మనమే చూసిపెట్టాలి.

టోపీ అంచు సాగేలా ఉండాలంటే రెండు కుట్లు ఇటు, రెండు కుట్లు అటు తిప్పి అల్లాలి. అంటే మొత్తం కుట్లు నాలుగుతో భాగించేలా ఎత్తుకోవాలి. మా వాడి కాగితంలో 96 అని ఉంది. వాడు నార్వేజియన్‌లో ఒకటి నుంచి లెక్కపెడుతూ ముప్ఫై దాటాక ఎవరో పలకరిస్తే మళ్లీ మొదటికి వస్తున్నాడు. అమ్మ బొటనవేలితో నాలుగేసి కుట్లు పక్కకి నెడుతూ "పుంజీ... రెండు... మూడు..." అంటూ ఇరవై నాలుగు పుంజీలకి ఆగిపోయింది. పుంజీ అంటే నాలుగు, చేపలూ గవ్వలూ లెక్కపెట్టినట్టే. పైగా ఆ అంచు డిజైను కూడా పుంజీ లెక్కే కాబట్టి ఎక్కడ తప్పినా అక్కడే దొరికిపోతుంది. ఇప్పుడు మా పిల్లలిద్దరూ కుట్లు అలాగే లెక్కపెడతారు. పాలకొల్లులో ఉన్న మా అన్నయ్య పిల్లలకి పుంజీ అంటే ఏంటో తెలీదు.

ఒక ఆదివారం అమ్మని సెల్బూకి తీసుకెళ్లాం, మాకు గంట దూరం. నలుపు తెలుపు చేతి తొడుగులకి పేరుపడ్డ ఊరది. 1857లో మారిట్ ఎమ్‌స్టాడ్ అనే అమ్మాయి, ఆమె ఇద్దరు అక్కచెల్లెళ్లు రెండు రంగుల్లో ఎనిమిది రేకుల పువ్వు అల్లిన తొడుగులు వేసుకుని చర్చికి వెళ్లారట. అక్కడితో ఆ ఊరి దశ తిరిగింది. తర్వాత కొన్ని దశాబ్దాలు ఆ ఊరి ఆడవాళ్లు అమ్మకానికి తొడుగులు అల్లి ఇల్లు నడిపారు. అమ్మ పువ్వుని పెద్దగా పట్టించుకోలేదు. షాపులో ఒక తొడుగు తీసి లోపలి వైపుకి తిరగేసింది. రెండు రంగుల అల్లికలో వాడని రంగు దారం వెనకాల వేలాడుతుంది. అది పొడుగైతే వేళ్లకి తగులుకుంటుంది, బిగిస్తే ముందువైపు ముడతలు పడుతుంది. అమ్మ వేలు లోపలికి పెట్టి ఆ దారాలు తడిమి చూస్తుంటే కౌంటర్ దగ్గరున్నావిడ నవ్వింది. అల్లేవాళ్లు ఎక్కడున్నా ముందు వెనకవైపే చూస్తారని నాతో అంది. అమ్మకి చెప్తే, "మరి ముందువైపు ఎవడైనా చూస్తాడు" అంది.

తిరిగొస్తుంటే కారులో మా వాడు అడిగాడు, "మామ్మా, నీకు లేసుకి ఎంత ఇచ్చేవాళ్లు?" అమ్మ మామూలుగా చెప్పింది. ఉండ అల్లితే కొన్ని రూపాయలని, పెద్ద ఉండకి రెండు మూడు రోజులు పట్టేదని, ఏజెంటు తూకంలో తేడా చేస్తే అదీ పోయేదని. వాడు ఫోన్లో గంటకి ఎంతైందో లెక్క కట్టాడు. రెండుసార్లు కట్టాడు. తర్వాత ఇల్లొచ్చేదాకా మాట్లాడలేదు. వీడు పుట్టి బుద్ధెరిగింది మొదలు యూనియన్లూ జీతాల ఒప్పందాలూ టీవీలో వింటూ పెరుగుతున్న పిల్లాడు. వాడికి మామ్మ మీద జాలి కాదు, ఏజెంటు మీద కోపం. రాత్రి భోజనాల దగ్గర "మామ్మని మోసం చేశారు" అన్నాడు. అమ్మకి అది నచ్చలేదు. "నన్నెవడూ మోసం చెయ్యలేదు, ఆ లేసు డబ్బులతో చిట్టీ కట్టి గేదెని కొన్నాను" అంది. ఇద్దరిదీ నిజమే. మా నాన్నని ఎవరైనా అడిగితే "మా ఆవిడ ఇంట్లోనే ఉంటుంది" అనేవాడు. సాయంత్రం దాకా ఆమె వేళ్లు ఆడుతూనే ఉన్నా.

పిల్లలకి మన సంస్కృతి చూపించాలని మనం తహతహలాడతాం. పట్టులంగా, పులిహోర, కూచిపూడి. నాకు అవన్నీ ఇష్టమే. కానీ మామ్మ చేతిపనికి ఎవరు ఎంత ఇచ్చారు, ఎవరు ఎగ్గొట్టారు అన్నది కూడా వాళ్లకి తెలియాలి. ఇక్కడ ఉన్నివాళ్లు ఉన్నారు, సాయంత్రం కాఫీ తాగుతూ అల్లి మనవలకి ఉచితంగా ఇచ్చేస్తారు. అక్కడ నూలువాళ్లు ఉన్నారు, అదే ఎడమ చేతి వేలు, కానీ పొయ్యి వెలగాలంటే అది ఆడాలి. నరసాపురం క్రోషా లేసుకి 2024లో జీఐ గుర్తింపు, అంటే ఆ పేరు ఆ ప్రాంతపు సరుకుకే చెందుతుందన్న గుర్తింపు, వచ్చింది. సంతోషం. ఆ గుర్తింపు వల్ల ఉండ రేటు ఎంత పెరిగిందని మా వాడు అడుగుతున్నాడు, పేపర్లో అది రాయలేదని వాడి ఫిర్యాదు.

అమ్మ వెళ్లిపోయాక కూడా ఈ గొడవ ఆగలేదు. మా వాడి క్లాసు వాళ్లు టూర్‌కి డబ్బులు పోగుచేయడానికి నవంబరులో చిన్న సంత పెడుతున్నారు. ఇళ్లలో చేసిన బన్నులు, సాక్సులు, కొవ్వొత్తులు అమ్ముతారు. వీడు మామ్మ చేత గ్లాసుల కింద పెట్టుకునే లేసు గుడ్డలు అల్లించి అమ్ముతానన్నాడు, సగం క్లాసుకి, సగం మామ్మకి. అమ్మ సరేనంది. రేటు దగ్గర వచ్చింది తంటా. ఒక గుడ్డకి ఆవిడకి మధ్యాహ్నం అంతా పడుతుంది. గంటకి రెండొందల క్రోనర్ల చొప్పున నాలుగు గంటలు, ఎనిమిది వందలు అంటాడు వీడు. అది రూపాయల్లో ఎంతో వినగానే వీడియో కాల్లో అమ్మ కళ్లజోడు తీసేసింది.

"ఆరువేలా! గ్లాసు కింద గుడ్డకి ఆరువేలు ఎవడు పెడతాడ్రా? యాభై చెప్పు, పోతాయి."

"యాభై క్రోనర్లా?"

"రూపాయలే."

"వద్దు మామ్మా. యాభై రూపాయలకి నేను అమ్మను."

దారం మాత్రం అమ్మ అప్పుడే కొనేసింది. మా చిన్నది మధ్యలో దూరి, తనకి మాత్రం ఒకటి ఉత్తినే కావాలంది.