యాషికా మీటరును దారికి తెచ్చుకున్నాను

మా బాబాయి స్టూడియో మూసేస్తూ నాకిచ్చిన యాషికా మ్యాట్ 124జీ అనే పాత ఫిల్ము కెమెరాలో లెన్సులు శుభ్రంగా ఉన్నాయి, షట్టర్ చక్కగా పడుతోంది. వెలుతురు ఎంతుందో ముల్లుతో చూపించే మీటరుతోనే పేచీ. నిండు ఎండలో 400 ఐఎస్ఓ (వెలుతురుకు ఫిల్ము స్పందించే వేగం) ఫిల్ముకి షట్టర్ 1/500 సెకను, లెన్సు రంధ్రం ఎఫ్16 అన్నది పాత ఫొటోగ్రాఫర్లందరికీ కంఠతా వచ్చిన లెక్క. ఇదేమో అదే ఎండలో ఇంకా చిన్న రంధ్రం, ఎఫ్22 పైకి పొమ్మంటోంది. దాని మాట వింటే వెలుతురు చాలక నెగటివ్ పలచబడటం ఖాయం.

కారణం బ్యాటరీ. ఈ కెమెరా వచ్చిన 1970లో దీనికి 1.35 వోల్టుల పాదరసం బిళ్ల వేసేవారు. అయిపోయేదాకా దాని వోల్టేజి దాదాపు అలాగే నిలిచేది, ఆ నమ్మకం మీదే మీటరు సర్క్యూట్ కట్టారు. పాదరసం విషం కాబట్టి ఆ బిళ్లలు మార్కెట్లోంచి పోయాయి. ఎవరో అదే సైజు 1.5 వోల్టుల ఆల్కలైన్ వేసి ఉంచారు. వోల్టేజి ఎక్కువైతే ముల్లు ఎక్కువ ఊగుతుంది, వెలుతురు ఎక్కువుందని మీటరు భ్రమపడుతుంది. మీటరులో ఐఎస్ఓ తగ్గించి సరిపెడదామంటే కుదరదు. వాడేకొద్దీ ఆల్కలైన్ వోల్టేజి దిగిపోతుంది, నిన్నటి సవరణ నెల తర్వాత పనికిరాదు.

నేను ఎంచుకున్నది చెవి మిషన్లలో వేసే 675 నంబరు జింక్-ఎయిర్ బిళ్ల. దాదాపు 1.4 వోల్టులు, అదీ నిలకడగా ఇస్తుంది. చెవి మిషన్ల షాపులో "అమ్మగారికాండీ?" అని అడిగారు. కెమెరాకి అంటే ఓ క్షణం నా వంకే చూశారు. పాత బిళ్ల కంటే ఇది సన్నం కనుక చుట్టూ రబ్బరు వాషర్ తొడగాలి. వెనక స్టిక్కర్ పీకి, గాలి పీల్చుకోవడానికి కొన్ని నిమిషాలు బయట వదిలి, అప్పుడు లోపల పెట్టాలి. స్టిక్కర్ తీశాక వాడినా వాడకపోయినా ఒకట్రెండు నెలల్లో ఎండిపోతుంది, అదొక్కటే దీనితో చిక్కు. బిళ్ల గూట్లో పచ్చగా పట్టిన చిలుమును వెనిగర్ అద్దిన ఇయర్‌బడ్‌తో తుడిచేశాను.

తర్వాత సున్నం వేసిన గోడ ముందు నిలబడి, డిజిటల్ కెమెరాను కూడా 400లో పెట్టి, రెండింటి లెక్కలూ పోల్చాను. ఎండలో సరిగ్గా కలిశాయి. నీడలో అర స్టాప్ తేడా (ఒక స్టాప్ అంటే వెలుతురు రెట్టింపో సగమో). గదిలో ఒక స్టాప్ దాటిపోయింది. ఎండలోంచి లోపలికి రాగానే చూస్తే ఇంకా ఘోరం: మీటరులో వెలుతురును పసిగట్టే ఈ రకం సెల్ ఇందాకటి వెలుతురును కాసేపు మరిచిపోదు, ముల్లు కుదురుకునేదాకా ఆగాలి.

ఇక మీటరు కన్ను ఎటు చూస్తోందన్నది అసలు విషయం. అది ముందున్న నేమ్‌ప్లేటులో ఉంటుంది, లెన్సుతో సంబంధం లేదు, విశాలంగా చూస్తుంది. పొట్ట దగ్గర పట్టుకుని గోపురం వైపు తిప్పితే సగం ఆకాశాన్నే కొలుస్తుంది. బాబాయినడిగితే, "ముందు కెమెరాని నేల వైపు వంచరా, అప్పుడు ముల్లు చూడు" అన్నాడు. తెల్ల పంచెను కొలిచినా నల్ల గేదెను కొలిచినా మీటరు రెండింటినీ బూడిదరంగే అనుకుంటుంది. అందుకే మనుషుల్ని తీసేటప్పుడు వాళ్ల మీద పడే వెలుగులోనే నా అరచేతిని కొలిచి, ఒక స్టాప్ తెరుస్తాను.

ఇల్ఫర్డ్ హెచ్‌పీ5 అనే బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము రోలు ఒకటి ఇలాగే తీసి కడిగించాను. పన్నెండు ఫ్రేముల్లోనూ నీడల్లో వివరం నిలిచింది. కలర్ నెగటివ్ కూడా ధైర్యంగా వేస్తాను, కొంచెం ఎక్కువ వెలుతురు పడినా అది ఓర్చుకుంటుంది. స్లైడ్ ఫిల్ముకి మాత్రం ఈ మీటరును నమ్మను. ఇంట్లో తీసేటప్పుడైతే ముల్లు జోలికే పోను, ఫోన్లో ఉన్న మీటర్ యాప్ చూసుకుంటున్నాను.