సెల్మా వంతెన మీద నాన్నతో

నాన్న పొద్దున్నే వాకింగ్‌కి బయల్దేరేటప్పుడు ఆయన చొక్కా జేబులో నేనొక చీటీ పెడతాను. అందులో మా ఇంటి అడ్రసు, నా ఫోన్ నంబరు ఉంటాయి. వాటి కింద ఇంగ్లీషులో రెండు ముక్కలు: ఈయన మా నాన్నగారు, చెవులు సరిగా వినపడవు, దయచేసి నాకు ఫోన్ చేయండి. చీరాల నుంచి ఆయన అట్లాంటా వచ్చిన ప్రతిసారీ ఇదే పద్ధతి.

ఈ చీటీ 2015లో మొదలైంది. ఆ ఏడాది ఫిబ్రవరి 6న, అలబామాలోని మాడిసన్‌లో, మనవణ్ణి చూసుకోవడానికి వచ్చిన 57 ఏళ్ల గుజరాతీ తాతగారు ఒకాయన పొద్దున్నే కొడుకు ఇంటి చుట్టుపక్కల నడుస్తున్నారు. సన్నగా ఉన్న నల్లజాతి మనిషి ఎవరో తిరుగుతున్నాడని ఎవరో పోలీసులకు ఫోన్ చేశారు. వచ్చిన పోలీసు అధికారి ఆయన చేతులు వెనక్కి విరిచిపట్టి నేలకేసి కొట్టాడు. వెన్ను దెబ్బతిని కాళ్లూ చేతులూ కొంతవరకు చచ్చుబడ్డాయి. పోలీసు కారులోని కెమెరాలో అంతా రికార్డయింది. అయినా కేసు రెండుసార్లు విచారణకు వచ్చి, రెండుసార్లూ జ్యూరీ ఒక మాట మీదకు రాలేక, 2016 జనవరిలో జడ్జి ఆ అధికారిని నిర్దోషిగా వదిలేశారు.

అప్పుడు అమ్మా నాన్నా మా ఇంట్లోనే ఉన్నారు. టీవీలో ఆ వీడియో చూసి నాన్న, "పాపం, నల్లవాడనుకుని పొరపాటు పడ్డారు" అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను. మా ఫ్రెండ్స్ ఇళ్లలోనూ అదే మాట.

పదేళ్ల తర్వాత ఈ వేసవిలో, నేను చీటీ పెడుతుంటే నాన్న మళ్లీ అదే మాట అన్నారు. కాలేజీ సెలవులకు ఇంటికొచ్చిన మా అమ్మాయి పక్కనే కూర్చుని ఉంది. "పొరపాటు ఏది తాతయ్యా? ఆయన్ని కింద పడేయడమా, ఎవరో గుర్తుపట్టకపోవడమా? నిజంగానే నల్లజాతి మనిషైతే సరిపోయేదా?" అని అడిగింది. నాన్న కాఫీ గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయారు. అలబామా వెళదామని ఆ సాయంత్రమే అనుకున్నాం.

మాంట్‌గోమరీకి సుమారు 160 మైళ్లు. అలబామాలోకి అడుగుపెడితే గంట వెనక్కి వెళతాం కాబట్టి తొమ్మిదికి బయల్దేరినా ఎండ ముదరక ముందే చేరతామని మా లెక్క. అమ్మాయి డ్రైవ్ చేస్తోంది, పక్కన నాన్న, వెనక నేను. మా ఆయనకు లీవు దొరకలేదు. నాన్న ఎప్పటిలాగే చిన్న డైరీ తీసి బయల్దేరిన టైమూ పెట్రోలు ఖర్చూ రాసుకున్నారు. రైల్వేలో టీసీగా చేసి రిటైరైన మనిషి, లెక్క రాయకుండా ఉండలేరు.

దారిలో ఒక చోట వెనక నీలం లైట్లు వెలిగాయి. అమ్మాయి కారు పక్కకి ఆపి, అద్దాలు నాలుగూ దించి, రెండు చేతులూ స్టీరింగ్ పైన ఆనించి వేళ్లు విప్పి పెట్టింది. "లైసెన్స్ తియ్యవే" అన్నారు నాన్న. "అడిగాక తీస్తా తాతయ్యా. నువ్వు కూడా చేతులు డాష్‌బోర్డు మీద పెట్టు" అంది, తల తిప్పకుండా. వచ్చిన ఆఫీసరు మర్యాదగానే మాట్లాడాడు. స్పీడు ఎక్కువైందని హెచ్చరించి పంపేశాడు. అంతా కలిపి ఐదు నిమిషాలు. మళ్లీ రోడ్డెక్కాక నాన్న, ఆ చేతుల సంగతేమిటని అడిగారు. హైస్కూల్లో దాని పక్క సీటు అబ్బాయి నల్లజాతివాడు. లైసెన్స్ వచ్చిన రోజు వాళ్లమ్మ వాణ్ణి కారులో కూర్చోబెట్టి ఇదంతా ప్రాక్టీసు చేయించిందట. జేబులోకి చెయ్యి పోనివ్వకు, సీటు కిందకి వంగకు, ప్రతి పనీ చెప్పి చెయ్యి అని. వాడు దీనికి నేర్పాడు. మా అమ్మాయి లైసెన్స్ తెచ్చుకున్న రోజు నేను చేసిందల్లా కారుకి నిమ్మకాయ కట్టి కొబ్బరికాయ కొట్టడం.

మాంట్‌గోమరీలో ఒక గుట్ట మీద, లించింగ్‌లో, అంటే కోర్టూ విచారణా లేకుండా గుంపుల చేతిలో చనిపోయినవాళ్ల స్మారకం ఉంది. 2018 ఏప్రిల్‌లో తెరిచారు. బ్రయన్ స్టీవెన్సన్ అనే లాయరు స్థాపించిన ఈక్వల్ జస్టిస్ ఇనీషియేటివ్ కట్టించింది. 1877 నుంచి 1950 దాకా 4,400 మందికి పైగా నల్లజాతీయులను గుంపులు చంపిన వివరాలు వాళ్లు సేకరించారు. తుప్పు రంగు ఇనుప దిమ్మెలు 800కు పైగా ఉన్నాయి. ఒక్కో కౌంటీకి (మన జిల్లా లాంటిది) ఒకటి, దాని మీద పేర్లు, తేదీలు. మొదట్లో అవి మన ఎదురుగా, మనిషి ఎత్తులో నిలబడి ఉంటాయి. నడుస్తుంటే కాళ్ల కింద నేల మెల్లగా పల్లానికి దిగుతుంది, దిమ్మెలు అక్కడే ఉండిపోతాయి. కాసేపటికి అవన్నీ తల మీద వేలాడుతుంటాయి. మెడ ఎత్తి చదవాలి.

ఒక పక్క గోడకు వరసగా చిన్న పలకలు ఉన్నాయి. ఎవరిని ఏ కారణానికి చంపారో ఒక్కో వాక్యం. 1940లో లువెర్న్ అనే ఊళ్లో జెస్సీ థార్న్‌టన్ అనే ఆయన్ని, తెల్లజాతి పోలీసును పేరు ముందు మిస్టర్ అనకుండా పిలిచినందుకు చంపారు. నాన్న అది రెండుసార్లు చదివారు. "గారు అనలేదనా?" అన్నారు నావైపు తిరిగి. ఆ తర్వాత బయటికి వచ్చేదాకా మాట్లాడలేదు.

మధ్యాహ్నం పాత గ్రేహౌండ్ బస్టాండుకి వెళ్లాం. ఇప్పుడది మ్యూజియం. 1961 మే 20న, బస్సుల్లో తెల్లవాళ్లూ నల్లవాళ్లూ కలిసి కూర్చుని ప్రయాణించిన ఫ్రీడమ్ రైడర్స్ ఇక్కడ దిగగానే గుంపు కర్రలతో మీద పడింది. పోలీసులు అక్కడ లేరు. దెబ్బలు తిన్నవాళ్లలో జాన్ లూయిస్ ఒకరు, అప్పటికి 21 ఏళ్ల కుర్రాడు, తర్వాత పార్లమెంటు సభ్యుడయ్యారు. 2013 మార్చిలో ఆయన ఈ ఊరు వచ్చినప్పుడు మాంట్‌గోమరీ పోలీస్ చీఫ్ చర్చిలో లేచి నిలబడి, ఆ రోజు మేం మిమ్మల్ని కాపాడలేదని క్షమాపణ చెప్పి, తన యూనిఫాం మీది బ్యాడ్జి ఊడదీసి ఆయన చేతిలో పెట్టారు. అన్నేళ్లలో తనకు క్షమాపణ చెప్పిన మొదటి పోలీస్ చీఫ్ ఆయనేనని లూయిస్ అన్నారు. అమ్మాయి ఈ కథ చెబుతుంటే నాన్న, "బ్యాడ్జి ఇచ్చేశాడా?" అని ఒకటికి రెండుసార్లు అడిగారు. యూనిఫాం వేసుకున్నవాళ్లకే ఆ బ్యాడ్జి విలువ తెలుస్తుంది.

రాత్రి మోటెల్‌లో, మేం తెచ్చుకున్న పులిహోర తింటూ తాతా మనవరాలు వాదనకు దిగారు. నాన్న వాదన ఇది: పోలీసు రోజూ దొంగల్నే చూస్తాడు, ఎక్కడ చూడాలో అనుభవం చెబుతుంది, దాన్ని వివక్ష అంటే ఉద్యోగం చేసేదెట్లా? అమ్మాయి స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్ల లెక్క చెప్పింది. పోలీసులు కార్లు ఆపిన సంఘటనలు దాదాపు 10 కోట్లు పరిశీలించారు. పొద్దు గుంకాక కారులో ఎవరున్నారో బయటికి సరిగా కనపడదు. అలా చీకటి పడ్డాక ఆపిన కార్లలో నల్లజాతి డ్రైవర్ల వాటా తగ్గింది. "రంగు కనపడకపోతే అనుమానం తగ్గింది తాతయ్యా. అనుభవమైతే చీకట్లోనూ పనిచెయ్యాలిగా?"

దాని గురించి నాకు నచ్చిందేమిటంటే, తన వాదనకు అడ్డం వచ్చేదాన్ని కూడా అదే చెప్పింది. 2016లో రోలాండ్ ఫ్రయర్ అనే హార్వర్డ్ ఆర్థికవేత్త, ఆయనా నల్లజాతివాడే, పోలీసు కాల్పుల వివరాలు పరిశీలిస్తే జాతి తేడా కనిపించలేదు. "చూశావా మరి!" అన్నారు నాన్న. "ఆగు తాతయ్యా. నెట్టడం, బేడీలు వేయడం, గోడకు అదమడం లాంటివాటిలో తేడా ఉందని కూడా అందులోనే ఉంది. అదీగాక ఆ లెక్క మనిషిని ఆపిన తర్వాత మొదలవుతుంది. అసలు ఎవర్ని ఆపుతున్నారన్నదే కదా గొడవ!" నాన్న పులిహోరలో పల్లీలు ఏరుకుంటూ ఉండిపోయారు.

మర్నాడు సెల్మా. మాంట్‌గోమరీ నుంచి 54 మైళ్లు, 1965 మార్చిలో నల్లజాతివాళ్ల ఓటు హక్కు కోసం సెల్మా నుంచి నడిచినవాళ్లు వచ్చిన దారిలోనే మేం ఎదురుగా కారులో వెళ్లాం. ఊరు దయనీయంగా ఉంది. 2023 జనవరిలో వచ్చిన టోర్నడో దెబ్బ ఇంకా కనిపిస్తోంది, మూతపడిన దుకాణాలు చాలా ఉన్నాయి. చివర్లో వంతెన. ఇనుప కమాను మీద ఎడ్మండ్ పెట్టస్ అని పెద్ద అక్షరాలు. బానిసత్వం నిలబెట్టడానికి యుద్ధం చేసిన సైన్యంలో జనరల్ ఆయన. కట్టింది 1940లో, మిస్టర్ అననందుకు థార్న్‌టన్‌ని చంపిన ఏడాదే.

ఆ వంతెన మధ్యలో ఎత్తుగా ఉంటుంది. ఎక్కేటప్పుడు అవతలి ఒడ్డు కనపడదు, నడి మధ్యకి చేరాకే కనిపిస్తుంది. 1965 మార్చి 7న సుమారు 600 మంది ఓటు హక్కు కోసం నడుస్తూ ఈ ఎత్తుకి చేరాక అవతల లాఠీలతో బారులు తీరిన రాష్ట్ర పోలీసుల్ని చూశారు. అయినా దిగారు. ముందు నడిచిన లూయిస్ పుర్రె చిట్లింది. నాన్న మోకాళ్ల నొప్పితో రెయిలింగ్ పట్టుకుని పైదాకా వచ్చి, కింద అలబామా నదిని చూస్తూ నిలబడ్డారు.

ఈ నడకకు కారణమైన కుర్రాడు జిమ్మీ లీ జాక్సన్. 26 ఏళ్లు. దగ్గర్లోని మేరియన్‌లో ఫిబ్రవరి 18న, పోలీసుల దెబ్బల నుంచి తల్లినీ 82 ఏళ్ల తాతనూ కాపాడబోతే రాష్ట్ర పోలీసు ఒకడు కాల్చాడు. ఎనిమిది రోజులకు చనిపోయాడు. వంతెన మీద రక్తం కారిన ఐదు నెలలకు, ఆగస్టు 6న, ఓటు హక్కు చట్టం వచ్చేసింది. జిమ్మీని కాల్చినవాడు నేరం ఒప్పుకోవడానికి మాత్రం 45 ఏళ్లు పట్టింది. 2010లో పడిన శిక్ష ఆరు నెలలు. ప్రగతి ఏదీ రాలేదనేవాళ్లతోనూ, అంతా వచ్చేసిందనేవాళ్లతోనూ నాకు ఇక్కడే పేచీ. చట్టం త్వరగానే మారింది. దాన్ని చేతిలో పట్టుకున్న మనిషి దగ్గరికి న్యాయం చేరడానికి ఒక తరం పట్టింది.

ఓటు హక్కు చట్టం మీద సంతకం పెట్టిన ప్రెసిడెంటు జాన్సనే అదే 1965లో, అక్టోబరు 3న, వలస చట్టం మీద కూడా సంతకం పెట్టారు. అంతకుముందు భారతదేశానికి ఏడాదికి 100 మంది కోటా. పుట్టిన దేశాన్ని బట్టి మనిషిని ఆపకూడదన్న మాటకు అప్పుడు బలం వచ్చింది ఈ పోరాటం వల్లే. మా ఇంటి పునాది ఈ వంతెన కింద ఉందని నేను గట్టిగా నమ్ముతాను. అక్కడ నాన్నకు అది చెబుదామనుకున్నాను. ఆయనే ముందు మాట్లాడారు.

"ప్యాసింజర్ స్టువర్టుపురంలో ఆగగానే నేను ఆ ఎక్కినవాళ్ల పెట్టెలోకే పోయేవాణ్ణి."

బాపట్ల, చీరాల వైపు వాళ్లకు ఆ ఊరి గురించి చెప్పక్కర్లేదు. తెల్లదొరలు 1871లో తెచ్చిన నేరస్థ తెగల చట్టం కింద, ఎరుకల కుటుంబాల్ని పుట్టుకతోనే దొంగలని రాసి తెచ్చిపెట్టిన ఊరు అది. ఆ చట్టం 1952లో పోయింది. నాన్న ఉద్యోగంలో చేరింది 1973లో.

"దొరికేవాళ్లా తాతయ్యా?" అంది అమ్మాయి.

"దొరికేవాళ్లు. టికెట్ లేనివాళ్లు అన్ని ఊళ్లలోనూ ఉంటారమ్మా. నేను వెతికింది అక్కడ." కాసేపాగి మళ్లీ అన్నారు. "ఒక కుర్రాడు రోజూ బాపట్ల కాలేజీకి పోయేవాడు. ఒకరోజు టికెట్ చూపించినా వాడి సంచీ కిందకి దులపమన్నా. పుస్తకాలు. వాడు ఏరుకుంటూ, సార్, రోజూ నన్నే ఎందుకడుగుతారు సార్, అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"దిగు, స్టేషనొచ్చింది అన్నా."

చిన్నప్పుడు ఆ స్టేషన్ వస్తుంటే మా అమ్మ నా మెడలో గొలుసు గౌను లోపలికి తోసేది. నేనూ ఆ అలవాటుతోనే పెరిగాను. ఆ ఊరి మనిషి ఒక్కరితో కూడా ఎప్పుడూ మాట్లాడలేదు.

మధ్యాహ్నం బర్మింగ్‌హామ్ దారి పట్టాం. మధ్యలో షెల్బీ కౌంటీ బోర్డు చూసి అమ్మాయి చెప్పింది, ఈ కౌంటీ వేసిన కేసులోనే 2013లో సుప్రీంకోర్టు ఓటు హక్కు చట్టంలో ముఖ్యమైన రక్షణను పనికిరాకుండా చేసిందని. నేను వెనక సీట్లో, 2020 జులైలో టీవీలో చూసింది తలుచుకుంటున్నాను. లూయిస్ శవపేటికను గుర్రబ్బండి మీద అదే వంతెన దాటించారు, దారిలో గులాబీ రేకులు చల్లారు, అవతల రాష్ట్ర పోలీసులు సెల్యూట్ చేశారు. అప్పటికి మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషి పోలీసు చేతిలో చనిపోయి రెండు నెలలే.

బర్మింగ్‌హామ్‌లో ఉన్నది గంటే. నలుగురు ఆడపిల్లలు 1963 సెప్టెంబరు 15న బాంబు పేలి చనిపోయిన చర్చి ఎదురుగా, కెలీ ఇన్‌గ్రమ్ పార్కులో, మీదికి దూకుతున్న పోలీసు కుక్కల విగ్రహాలు రెండు వైపులా ఉన్నాయి. దారి వాటి మధ్య నుంచే. హక్కుల కోసం ఊరేగిన పిల్లల మీదికి అలాంటి కుక్కల్నే వదిలారు, ఆ ఏడాది మేలో. నాన్న ఆ మధ్యలోంచి నడవకుండా పక్కగా చుట్టి వచ్చి బెంచీ మీద కూర్చున్నారు. డైరీ తీసి ఆ రోజు పెట్రోలు, భోజనాలు రాసుకున్నారు. కాసేపు పెన్ను అలాగే పట్టుకుని, "బ్యాడ్జి ఇచ్చేసినాయన పేరేమిటన్నావమ్మా?" అని అడిగారు.

"కెవిన్ మర్ఫీ తాతయ్యా."

తెలుగులో రాసుకుని, సరిగ్గా రాశానా అని దానికి చూపించారు.