పత్తి ఏరే రోజుల్లో గాజా పిల్లల మాటలు

2023 నవంబర్ 29న నేను ఎలక్షన్ డ్యూటీలో ఉన్నాను. తెల్లారితే అసెంబ్లీ పోలింగ్. ఈవీఎంలు తీసుకుని, కాగితాలన్నీ సరిచూసుకుని, బస్సెక్కి మాకిచ్చిన ఊరు చేరేసరికి చీకటి పడింది. పోలింగ్ స్టేషన్ కూడా ఒక బడే. ఎనిమిదో తరగతి గదిలో బెంచీలు కలుపుకుని పడుకున్నాం. సరిగ్గా ఆ రోజే ఎన్నో దేశాల్లో, బళ్లలో, నాటకశాలల్లో జనం నిలబడి గాజా పిల్లలు రాసిన మాటలు చదివారు. ఆ సంగతి నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. తెలిసినప్పటి నుంచి ఒకటే ఆలోచన, మా పిల్లలతో కూడా చదివించాలని.

నేను పరకాల వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెప్తాను. ఉండేది హనుమకొండ, రోజూ బస్సులో పోయి వస్తాను. నాటకం మీద ఇష్టం మా బాపు నుంచి వచ్చింది. మా ఊరికి చిందోళ్లు వస్తే ఆయన చేన్ల పని కూడా ఆపుకునేవాడు. తెల్లవార్లూ ఆట చూసి, పొద్దున నన్ను భుజం మీద ఎక్కించుకుని ఆ పద్యాలే పాడుకుంటూ ఇంటికి వచ్చేవాడు. జనగామ జిల్లా చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్య గారికి 2024లో పద్మశ్రీ ప్రకటించినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది మా బాపే. ఉంటే ఊరంతా తిరిగి చెప్పేవాడు.

బడిలో నాటకమంటే మాత్రం వేరే. ఆగస్టు 15కో, బాలల దినోత్సవానికో ఏకపాత్రాభినయం పెడతాం. మగపిల్లలు మయసభలో దుర్యోధనుడు, అల్లూరి సీతారామరాజు. ఆడపిల్లలు రుద్రమదేవి, ఝాన్సీ లక్ష్మీబాయి. కాగితం మేమే రాసిస్తాం, వాళ్లు బట్టీ పడతారు. నేనూ ఏళ్ల తరబడి అదే చేశాను. ఒక పిల్లను "నీ సంగతి నువ్వే రాసి చెప్పు" అని ఒక్కసారి కూడా అడగలేదు.

గాజా మోనోలాగ్స్ కూడా ఏకపాత్రలే. కానీ వాటిని రాసింది పిల్లలే. 1991లో జెరూసలేంలో ఇమాన్ ఔన్, ఎడ్వర్డ్ ముఅల్లెం కలిసి అష్తార్ అనే నాటక సంస్థ పెట్టారు. బడి పిల్లలకు నటన నేర్పడం మొదటి నుంచీ వాళ్ల పని. 2008 డిసెంబర్ చివర్లో గాజా మీద యుద్ధం మొదలై మూడు వారాలు సాగింది. ఆ తర్వాత అష్తార్ వాళ్లు అక్కడి పిల్లలను కూర్చోబెట్టి, ఆటలాడించి, మాట్లాడించి, ఎవరిది వాళ్లతోనే రాయించారు. ముప్పై మందికి పైగా రాశారు. గాజా దిగ్బంధంలో ఉంది, ఆ పిల్లలు బయటి దేశాలకు పోయి నాటకం ఆడే వీలు లేదు. అందుకని మాటలనే పంపించారు. 2010 అక్టోబర్ 17న ముప్పైకి పైగా దేశాల్లో ఆ వయసు పిల్లలే తమ తమ భాషల్లో వాటిని ఆడారు. అదే రోజు గాజా పిల్లలు తమ కాగితాలను పడవలు చేసి సముద్రంలో వదిలారు.

2023లో మళ్లీ యుద్ధం మొదలయ్యాక, నవంబర్ 29న అందరూ వాటిని చదవాలని అష్తార్ పిలుపునిచ్చింది. పాలస్తీనా ప్రజలకు సంఘీభావంగా ఐక్యరాజ్యసమితి పాటించే దినం అది. అప్పటికి ఆ రాసిన పిల్లలు ముప్పై ఏళ్లకు దగ్గరపడి ఉంటారు. చిన్నప్పుడు రాసింది మళ్లీ అంతకంటే ఘోరంగా వాళ్ల కళ్ల ముందుకు వచ్చింది. ఇది తలుచుకుంటే నాకు రాత్రి నిద్ర పట్టదు.

పోయినేడు రెండు మోనోలాగ్‌లను నాకు చేతనైన తెలుగులో రాసుకుని తొమ్మిదో తరగతికి తీసుకుపోయాను. శనివారం చివరి పీరియడ్. ముందు మ్యాపులో గాజా చూపించాను. కొసాకొస 40 కిలోమీటర్లు ఉంటుందని చెప్తే, "అంటే హనుమకొండ పోయినంత దూరమేనా టీచర్?" అన్నారు. చదవడం అయ్యాక వెనుక బెంచీ పిల్లవాడు లేచి అడిగాడు: "బాంబులు పడుతుంటే వాళ్ల టీచర్లు నాటకమెందుకు నేర్పిన్రు? అన్నం, మందులు ఇయ్యాలె గదా."

స్టాఫ్ రూంలో కూడా ఒకరు నన్ను ఇదే అడిగారు. పిల్లవాడు అడిగిన తీరే నాకు నచ్చింది, అందులో నిజంగా తెలుసుకోవాలనే ఉంది. వాడికి ఆర్నా కథ చెప్పాను.

ఆర్నా మెర్ ఇజ్రాయెల్‌లో యూదురాలు. పాలస్తీనా కమ్యూనిస్టు సలీబా ఖమీస్‌ను పెళ్లి చేసుకుంది. మొదటి ఇంతిఫాదా, అంటే పాలస్తీనా ప్రజల తిరుగుబాటు కాలంలో ఇజ్రాయెల్ సైన్యం పాలస్తీనా బడులను నెలల తరబడి మూసేసింది. అప్పుడు ఆమె వెస్ట్ బ్యాంక్‌లోని జెనీన్ శరణార్థి శిబిరానికి పోయి పిల్లలకు చదువు, బొమ్మలు, నాటకం నేర్పడం మొదలుపెట్టింది. సమీరా జుబేదీ అనే తల్లి తన ఇంటి పైఅంతస్తు నాటకానికి ఇచ్చింది. 1993లో ఆర్నాకు రైట్ లైవ్లీహుడ్ అవార్డు వస్తే ఆ డబ్బు కూడా ఆ థియేటర్‌కే పెట్టింది. 1995లో ఆమె క్యాన్సర్‌తో చనిపోయింది.

ఇక్కడిదాకా చెప్పి ఆపి ఉంటే పిల్లలకు బాగుండేదేమో. కానీ నేను ఆపలేదు. 2002లో సైన్యం శిబిరం మీదికి వచ్చినప్పుడు ఆ థియేటర్ కూలిపోయింది. ఆ ఏడే సమీరా కాల్పుల్లో చనిపోయింది. ఆర్నా దగ్గర వేషం కట్టిన పిల్లల్లో చాలామంది పెద్దయి, తుపాకులు పట్టి, చచ్చిపోయారు. ఆర్నా కొడుకు జూలియానో అంతకుముందు రిహార్సల్స్‌లో వీడియో తీసిన పిల్లలు వాళ్లు. నవ్వుకుంటూ, ఒకరినొకరు తోసుకుంటూ ఉన్న ఆ పిల్లలను, తర్వాత వాళ్ల చావునూ పక్కపక్కన పెట్టి అతను డాక్యుమెంటరీ చేశాడు. నాటకం వాళ్లను కాపాడలేదు. అయినా 2006లో జూలియానో, సమీరా కొడుకు జకారియా, మరికొందరు కలిసి అదే శిబిరంలో ఫ్రీడం థియేటర్ పెట్టారు. 2011 ఏప్రిల్ 4న ఆ థియేటర్ ముందే జూలియానోను ఎవరో కాల్చి చంపారు. థియేటర్ ఆగలేదు. ఢిల్లీలోని వీధినాటక బృందం జన నాట్య మంచ్‌తో కలిసి 'హమేషా సమీదా' అనే నాటకం తయారుచేసి 2016లో మన దేశంలో పలుచోట్ల ఆడారు కూడా. 2023 డిసెంబర్‌లో సైన్యం ఆ థియేటర్ మీద దాడి చేసింది. జనరల్ మేనేజర్ ముస్తఫా షెతాను పట్టుకుపోయి విచారణ లేకుండా పదిహేను నెలలు జైల్లో పెట్టింది. 2025 జనవరిలో శిబిరాన్నే ఖాళీ చేయించింది. (షెతా విడుదల, ఈ ఖాళీ చేయించడం నేను పిల్లలకు ఈ కథ చెప్పిన తర్వాత జరిగాయి.)

పిల్లవాడు అంతా విని, "ఆ ఇంటామె పైఅంతస్తు కిరాయికి ఇచ్చిందా, ఉత్తగ ఇచ్చిందా?" అన్నాడు. కిరాయి సంగతి కాదు, ఇష్టపడి ఇచ్చింది అన్నాను. "అయితే ఆమెకు ఎరుకే, ఎందుకో" అని కూర్చున్నాడు. నేను అంతకంటే మంచి జవాబు ఇవ్వలేకపోయేదాన్ని.

అష్తార్ వాళ్లు ఎక్కువగా వాడేది ఫోరం థియేటర్. బ్రెజిల్‌కు చెందిన అగస్టో బోవాల్ తయారుచేసిన పద్ధతి. అన్యాయం గెలిచి ముగిసే చిన్న సీను ఒకటి ఆడతారు. మళ్లీ మొదటి నుంచి ఆడుతుంటే చూసేవాళ్లలో ఎవరైనా "ఆపు" అని లేచి, బాధ పడుతున్న మనిషి స్థానంలో నిలబడి, తానైతే ఏం చేస్తుందో చేసి చూపిస్తుంది. మాట కంటే ముందు ఒంటితో ఆలోచించడం అన్నట్టు ఉంటుంది. ఇది చదవగానే మా క్లాసులో చేయాలనిపించింది.

సీను పిల్లలే ఎంచుకున్నారు. పత్తి ఏరడానికి కూలీలు దొరకక, ఒక తండ్రి బిడ్డను బడి మాన్పించి చేనుకు తోలుకుపోతాడు. మా బళ్లో ఏటా దసరా దాటితే జరిగేది ఇదే, హాజరు సగానికి పడుతుంది. ఒకమ్మాయి "ఆపు" అని లేచి తండ్రిని బతిమాలింది. ఇంకొకామె "పొద్దున ఏరి పోత, పదింటికి బడికి పోత" అని బేరమాడింది. ఒకామె టీచర్‌కు ఫోన్ చేస్తానని బెదిరిస్తే అందరూ నా వైపు తిరిగి చూశారు. అప్పుడు ఎప్పుడూ నోరు విప్పని ఒక పిల్లవాడు లేచి, "నేను బాపును చేస్త" అన్నాడు. పద్ధతి ప్రకారం మార్చాల్సింది బిడ్డ వేషాన్నే. ఒద్దనబోయి ఆగిపోయాను. వాడు వచ్చి, భుజం మీద తువ్వాల ఉన్నట్టు సర్దుకుని, బిడ్డ వేసిన అమ్మాయి ముందు కింద కూర్చున్నాడు. "షావుకారి దగ్గర తెచ్చిన పైసలకు మిత్తి కట్టాలె బిడ్డా. కైకిలోళ్లకు ఏం బెట్టి ఇయ్యాలె?" అన్నాడు. ఇంకేం అనలేదు. ఆ అమ్మాయికి కూడా ఏం చెప్పాలో తోచలేదు. బెల్ కొట్టినా ఎవరూ లేవలేదు.

ఆ సీనుకు మేము ముగింపు కనిపెట్టలేదు. కానీ తర్వాతి వారం వాడంతట వాడే ఒక కాగితం తెచ్చి ఇచ్చాడు, వాళ్ల నాయిన మాట్లాడుతున్నట్టు రాసింది. ఏడు వాక్యాలు. అందులో నా దిద్దుబాట్లు ఒక్కటి కూడా లేవు.

ఈ ఏడు, 2025లో, నవంబర్ 29 శనివారం పడింది. ఈసారి ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్లు పదమూడు మంది పేర్లు ఇచ్చారు. ముందు రెండు గాజా మోనోలాగ్‌లు, తర్వాత వాళ్లు రాసుకున్నవి. స్టేజీ లేదు, వేపచెట్టు కిందే. మైక్ కూడా వద్దనుకున్నాం, పక్కన కూర్చున్న వాళ్లకు చెప్పినట్టు చెప్పాలని.

కష్టమంతా రిహార్సల్స్‌తోనే. అక్టోబర్ చివరి మొంథా తుఫాను వానకు చేన్లలో పత్తి తడిసింది. మిగిలింది తొందరగా ఏరుకోవాలని ఇంటింటా పిల్లలను తీసుకుపోతున్నారు. ఆ తల్లిదండ్రులను నేనేమీ అనలేను. మొన్న శనివారం పదమూడు మందిలో ఎనిమిది మందే వచ్చారు. గాజా మోనోలాగ్ చదవాల్సిన అమ్మాయి కూడా రాలేదు. ఇంకెవరికైనా ఇద్దామా అని నేను అనుకుంటుండగా ఫోన్ మోగింది. వాళ్లమ్మ ఫోన్ నుంచి ఆ పిల్లే.

"టీచర్, నాది ఎవలకు ఇయ్యకుండ్రి. నాకు మొత్తం నోటికొచ్చింది. చెప్పాల్నా?"

స్పీకర్ పెట్టి ఫోన్ టేబుల్ మీద ఉంచాను. అందరూ దగ్గరికి జరిగారు. చేన్ల గాలి చప్పుడు, ఎవరో దూరం నుంచి ఎవరినో పిలుస్తున్న చప్పుడు. మధ్యలో ఆ పిల్ల, గాజాలో తన వయసు పిల్ల ఎవరో పదిహేనేళ్ల కింద రాసిన మాటలు, తొందరపడకుండా ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయింది. సగం దాకా వచ్చి ఆగింది.

"మిగిలింది సోమవారం వచ్చి చెప్త టీచర్. మా అమ్మ పిలుస్తంది."