పత్తి చేల నడుమ ఒంటి తీగ పాట

అమెరికాలో మెంఫిస్ నగరం దాటి, దక్షిణాన మిసిసిపీ రాష్ట్రం వైపు 61వ నంబరు హైవే పట్టుకున్న కాసేపటికే కొండలు మాయమై నేల చాప పరిచినట్టయింది. అక్టోబరు నెల, రెండు పక్కలా తెల్లగా పగిలిన పత్తి. కారు ఆపమన్నాను. అన్న ఆపాడు. కాయ ముట్టుకుంటే ఎండిన మొనలు వరంగల్ దగ్గర మా చేలో లాగే గుచ్చుకున్నాయి. మా చేలో ఈ రోజుల్లో పత్తి ఏరే ఆడవాళ్లు వరసల నిండా ఉంటారు. ఇక్కడ ఒక్క మనిషి లేడు.

క్లార్క్స్‌డేల్‌లో పాత రైల్వే గూడ్సు షెడ్డే ఇప్పుడు డెల్టా బ్లూస్ మ్యూజియం. బ్లూస్ అంటే ఈ సీమ నల్లజాతి కూలీల పాట. లోపల బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ బతికిన చెక్క ఇల్లుంది, స్టోవాల్ కమతం నుంచి తెచ్చి నిలబెట్టారు. 1941లో జానపద పాటలు సేకరించే అలన్ లోమాక్స్, జాన్ వర్క్ ఆయన పాట రికార్డు చేశారు. అప్పటికి ఆయన ట్రాక్టరు నడిపే కూలీ. అందరూ లోమాక్స్‌నే తలుస్తారు గానీ, ఫిస్క్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన నల్లజాతి సంగీత పండితుడు వర్క్ పేరు ముందు చెప్పాలని నాకనిపిస్తుంది. ఆ రికార్డులో తన గొంతు తాను విన్న మడ్డీ వాటర్స్ 1943లో షికాగో రైలెక్కేశాడు.

ఆ చెక్క ఇంటి గోడ దగ్గర చాలాసేపు నిలబడ్డాను. గిటారు కొనలేని పిల్లలు ఇలాంటి గోడలకే రెండు మేకులు కొట్టి, చీపురుకు చుట్టిన ఇనుప తీగ విప్పి బిగించేవారు. ఒక చేత్తో మీటుతూ, ఇంకో చేత్తో సీసా జరుపుతుంటే స్వరం జారుతూ ఏడ్చినట్టు పలికేది. డిడ్లీ బో అంటారు దాన్ని. మా బైండ్ల వాళ్ల జమిడికకూ ఒకటే నరం.

అక్కణ్నుంచి ముప్పావు గంటలో డాకరీ కమతం. 1895లో విల్ డాకరీ అడవి కొట్టించి మొదలుపెట్టింది. గింజల కొట్టం మీద ఆ పేరు, ఏడాది పెద్ద అక్షరాల్లో రాసి ఉన్నాయి. ఈ సీమలో భూమి దొరది, విత్తనం దొరది, అరువు సరుకు దొర కొట్టుది. పంటలో సగం పాలుకు చేసినవాళ్లకు ఏడాది చివర లెక్క చెప్పేదీ దొరే. చాలామందికి మిగిలేది అప్పే. డాకరీలో లెక్క కాస్త నయమని పేరుండేది, అందుకే కుటుంబాలు ఇటు వచ్చాయి. మనుషులు చేరిన చోట శనివారం రాత్రి ఆట, పాట. 1900 ప్రాంతంలో వచ్చిన ఒక కుటుంబంలోని కుర్రాడే తర్వాత బ్లూస్ గాయకుడిగా పేరు పొందిన చార్లీ ప్యాటన్. మరో పేరున్న బ్లూస్ గాయకుడు హౌలిన్ వుల్ఫ్ గిటారు నేర్చుకుంది ఆయన దగ్గరే.

1944లో క్లార్క్స్‌డేల్ పక్కన హాప్సన్ కమతంలో విత్తనం నుంచి ఏరుడు దాకా మొత్తం పంట యంత్రాలతోనే తీశారు. ఏరే చేతులతో ఇక పని లేకుండా పోయింది. ఊళ్లకు ఊళ్లు ఉత్తరానికి కదిలాయి, పాటా వాళ్లతోనే వెళ్లింది.

కొట్టం మెట్టు మీద కూర్చుని ఫోనులో ప్యాటన్ 1929 రికార్డు పెట్టాను. గరగరల మధ్య బొంగురు గొంతు, గిటారు చెక్క మీద అరచేతి దెబ్బ. అవతల చేలో పత్తి ఏరే యంత్రం తిరుగుతోంది, దాని మీద ఒక్కడే మనిషి. పాట అయ్యేదాకా అన్న కారు తీయలేదు.